అక్కల కూడిక: మిరప నేలలో ప్రార్థన ఏం మాన్పుతోంది?

మనసు చెదిరిన పల్లెటూరి ఆడమనిషి మొదట ఎవరి దగ్గరికి వెళ్తుంది? పత్తి, మిరప పండే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల దళితవాడల్లో దీనికి జవాబు దాదాపు ఒకటే. పాస్టరమ్మ దగ్గరికి వెళ్తుంది, లేదా ఆడవాళ్ల ప్రార్థన కూడికకు వెళ్తుంది. మానసిక వైద్యుడున్న పట్నానికి బస్సెక్కడం ఆ తర్వాతి మాట. చాలామంది విషయంలో అది జరగనే జరగదు. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి వాళ్లలో నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్లే. వైద్యం అందని ఆ చోట మన ప్రాంతంలో ఉన్నది ఎక్కువగా తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని వచ్చే అక్కలే.

ఈ కూడికల మీద ఇంతకాలం రెండు రకాల రాతలే ఎక్కువ వచ్చాయి. విశ్వాసులు రాసేవాటిలో అన్నీ అద్భుతాలే. తగ్గని రోగం తగ్గిందని, తాగుబోతు భర్త మారాడని ఉంటుంది. హేతువాదులు, మతమార్పిడి వ్యతిరేకులు రాసేవాటిలో మోసం, మూఢనమ్మకం, విదేశీ డబ్బు తప్ప మరొకటి ఉండదు. పొద్దంతా పొలంలో వంగి పనిచేసి రాత్రికి చాప మీద కూర్చున్న మనిషి ఈ రెంటిలోనూ కనపడదు. ఆమె అక్కడికి ఎందుకు వస్తోంది, ఏం పొంది వెళ్తోంది, ఏం పొందకుండా వెళ్తోంది అన్నదే ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కూడికల్లో నిజంగా మేలు జరుగుతోంది. ఆ మేలు చేస్తున్నది వేదిక మీది అద్భుతం కాదు, ఆడవాళ్లు ఒకరి మాట ఒకరు వినడం. అయితే ఆ వినికిడి కొన్నిచోట్ల ఆగిపోతోంది, ఆగిన చోట ప్రాణాలు పోతున్నాయి.

ముందు కూడిక ఎలా నడుస్తుందో చూద్దాం. చర్చిని బట్టి అది మంగళవారమో శుక్రవారమో ఉంటుంది. మిరప కోతలప్పుడు వేళ వెనక్కి జరుగుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు, ఎండబోతలు, తొడిమలు తీయడం. తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి, ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు. వంట ముగించి, పిల్లలకు పెట్టి, ఏడున్నర ఎనిమిదింటికి ఒక్కొక్కరే వస్తారు. “వందనాలక్కా” అంటే “వందనాలమ్మా” అని బదులు. చెప్పులు గుమ్మం బయట, నెత్తిన కొంగు. తాళాలు, కంజీర ఉంటే పాట ఊపందుకుంటుంది. ఒకరు వాక్యం చదువుతారు. చదువు రానివాళ్లు ఎక్కువగా ఉన్నచోట చదవగలిగిన కోడలిపిల్లకో, పదో తరగతి పాపకో ఆ పని దక్కుతుంది, దాంతోపాటు ఒక గౌరవమూ దక్కుతుంది. ఆ తర్వాత ప్రార్థన విన్నపాలు మొదలవుతాయి. కూతురి కానుపు, కొడుకు తాగుడు, పొదుపు సంఘం కిస్తీ, కౌలుచేనుకు పట్టిన తెగులు, మోకాళ్ల నొప్పి, “నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంటంది” అన్న మాట. ఒకొక్క విన్నపానికీ చుట్టూ ఉన్నవాళ్ల నుంచి “అయ్యో తల్లీ” అన్న చిన్న మూలుగు వస్తుంది.

ఆ తర్వాత జరిగేదాన్ని నేను ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయగా భావిస్తాను. అందరూ ఒక్కసారే గొంతెత్తి ప్రార్థన చేస్తారు. ఇరవైమంది ఆడవాళ్లు ఇరవై రకాల మాటలు ఒకేసారి పెద్దగా పలుకుతుంటే ఎవరి మాటా ఎవరికీ విడిగా వినపడదు. ఇంట్లో అత్తగారి ముందు, వీధిలో ఇరుగుపొరుగు ముందు, ఆసుపత్రిలో నర్సు ముందు అనలేనిదాన్ని ఆమె ఆ హోరులో బిగ్గరగా అనగలదు. మొగుడి పేరు పెట్టి అనగలదు, చేనులో చెయ్యేసినవాడి పేరు చెప్పి ఏడవగలదు. బయటికి పొక్కదు, అట్లాగని ఒంటరిగానూ లేదు, పక్కామె భుజం ఆమె భుజానికి తగులుతూనే ఉంటుంది. పట్నపు వైద్యుడు తలుపు మూసి ఇచ్చే గోప్యతను ఈ ఆడవాళ్లు గోడలే లేనిచోట గొంతులతో కట్టుకున్నారు. దీన్ని ‘గోల’ అని విసుక్కునేవాళ్లు ఒకసారి ఆ చాప అంచున కూర్చుని చూడాలి.

ఇది నిన్నమొన్న టీవీ చానళ్లతో వచ్చిన అలవాటు కాదు. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 నూతన సంవత్సరం రోజు తెల్లవారుజామున ఆ కొండెక్కి ప్రార్థన చేసినవాళ్లు అయిదుగురు: బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. తర్వాత 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే ఏడు తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నారు. పేరయ్య పేరు మిషను చరిత్రల్లో ఘనంగా ఉంటుంది. ఆయన వెంట పల్లెపల్లెకూ నడిచి ఆడవాళ్ల మధ్య కూర్చున్నది నాగమ్మ. 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ చేయించిన కూలిపని, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం – ఇవన్నీ తెలిసిన సంగతులే. తెలియనిది, లేదా తెలిసీ పట్టించుకోనిది ఏమిటంటే, ఆ వేలమందిని తర్వాతి ఏళ్లలో విడిపోకుండా కలిపి ఉంచిన రోజువారీ పని ఎక్కువగా ఆడవాళ్లది.

ఈ కథ మిషనుతో మొదలైందని కూడా అనుకోకూడదు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి రాసిన పుస్తకంలో రాజయోగం బోధించే వీరమ్మ అనే స్త్రీ గురువు కనపడుతుంది. అంటే దొరలు రాకముందే ఈ వాడల్లో ఒక ఆడమనిషి చుట్టూ కూర్చుని మనసు కుదుటపరచుకునే అలవాటు ఉంది. ఎరుకలమ్మ సోది, జాతరలో పూనకం, పోలేరమ్మ ముందు జుట్టు విరబోసుకుని అడగాల్సింది అడిగేయడం కూడా ఆడవాళ్ల మాటకు దొరికిన చోట్లే. కూడిక ఆ వరసలోదే, దేవుడి పేరు మారింది.

లూథరన్ మిషను వైపు, 1842లో గుంటూరుకు హేయర్ అనే మిషనరీ వచ్చాక, ఇంటింటికీ వెళ్లే బైబిలు స్త్రీలు తయారయ్యారు. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఒక పుస్తకమే రాశారు. మిషను వాళ్లను జీతగత్తెలుగా లెక్కకట్టినా పల్లెలో వాళ్లు పోషించిన పాత్ర వేరు. వాళ్లు ఉత్తరం చదివిపెట్టేవాళ్లు, మందు ఇచ్చేవాళ్లు, తగవు తీర్చేవాళ్లు, చనిపోయిన బిడ్డ తల్లి పక్కన కూర్చునేవాళ్లు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆ ఆసుపత్రిలో వైద్యమూ ప్రార్థనా ఒకే కప్పు కింద నడిచాయి. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాతి కాలంలో ఆ రెండూ ఇక్కడే విడిపోయాయి.

ఇరవయ్యో శతాబ్దం నడుమ నుంచి స్వస్థత అన్నది తెలుగువాళ్ల సొంత సంఘాల ముఖ్య వ్యాపకమైంది. ముంగమూరి దేవదాసు 1938లో ఆరంభించిన బైబిల్ మిషన్‌కు గుంటూరు దగ్గరి కాకాని తోటలో స్వస్థిశాల ఉంది. ప్రతి జనవరిలో మహాసభలకు జనం తరలివస్తారు. హోసన్నా మందిరం వాళ్ల గుడారాల పండుగ మరో పెద్ద కూడలి. వీటిని మించి, పేరు ఏ రికార్డుకూ ఎక్కని రేకుల షెడ్డు మందిరాలు ప్రతి మండలంలోనూ పుట్టుకొచ్చాయి. లక్షలమంది సభ, ఇరవైమంది చాప రెండూ ఒకటే పని చేస్తాయనుకోవడం పొరపాటు. సభ ఆశ పుట్టిస్తుంది, అంతవరకే. పేరు పెట్టి పలకరించేది, రెండు వారాలు రాకపోతే గుమ్మంలోకి వచ్చి “ఏమైందే చెల్లెమ్మా” అని అడిగేది కూడికే.

అసలు ఇక్కడి ఆడవాళ్ల మనసు మీద పడిన బరువేమిటి? పత్తి ఏరడం, మిరప కోత, కలుపు, పొగాకు బ్యారన్ల పని అన్నీ వాళ్ల చేతుల మీదే జరుగుతాయి. భూమి మాత్రం వాళ్ల పేర ఉండదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనే రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని తొలిసారి కుదిపేశాయి. తర్వాత అవి ఆగలేదు. మనిషి పోయాక అప్పు భార్య మెడకు చుట్టుకుంటుంది. 2004లో జీవో 421 కింద పరిహారం ప్రకటించినా, కాగితం లేని కౌలురైతు భార్య దాన్ని అందుకోవడం ఎంత కష్టమో ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. భర్త ఉన్నచోట సారా, ఇప్పుడు బ్రాందీ. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. అప్పటి నుంచి ఆ సమస్య మళ్లీ ఇంటి నాలుగు గోడల మధ్యకు, అక్కడి నుంచి ప్రార్థన విన్నపంలోకి చేరింది. ఒక రాజకీయ డిమాండు మొక్కుగా మారిపోవడం ఈ ముప్పయ్యేళ్లలో మన కళ్ల ముందే జరిగింది.

వీటన్నిటి కింద కులహింస ఉంది. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గొడ్లను కడుగుతుంటే అడ్డుచెప్పిన మాదిగ స్త్రీ మున్నంగి సువార్త ఎత్తిన బిందెతో మొదలైన గొడవ ఆరుగురు మాదిగలను చంపేదాకా వెళ్లింది. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికారు. ఈ రెండు ఊళ్లలో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న స్త్రీలలో క్రైస్తవులు చాలామంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవైమూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన విధవరాలికి ఊరట ఎక్కడ? ఆమె కూడికకు వెళ్తే ‘క్షమించు’ అన్న వాక్యం వినపడుతుంది. ఆ వాక్యాన్ని నేను తక్కువ చేయను. అయితే ఎవరూ తప్పు ఒప్పుకోకుండా, ఎవరికీ శిక్ష పడకుండా, క్షమించే పనిని మాత్రం బాధితురాలి మీదే పెట్టడం ఆమె మీద రెండో బరువు వేయడమే.

ఈ చోటికి వచ్చాక అమెరికాలోని నల్లజాతి స్త్రీల అనుభవం మనకు దగ్గర చుట్టంలా కనపడుతుంది. వాళ్లూ పత్తి చేలల్లోంచే వచ్చారు. వాళ్లకూ చర్చి ఒక్కటే చాలాకాలం సొంత జాగా. 1819లోనే జరీనా లీ అనే ఆమె ఆఫ్రికన్ మెథడిస్టు సంఘంలో ప్రసంగించే అనుమతి సంపాదించింది. 1880 నుంచి 1920 దాకా నల్లజాతి బాప్టిస్టు స్త్రీలు తమ సమాజాలను బడులుగా, ఆరోగ్య ప్రచారాలుగా, హక్కుల వేదికలుగా ఎలా మలిచారో ఎవ్లిన్ బ్రూక్స్ హిగిన్‌బాథమ్ 1993లో రాసింది. అదే ఏడు డెలోరిస్ విలియమ్స్ రాసిన పుస్తకం మన స్త్రీల సమాజాలన్నిటికీ తెలియాల్సింది. ఆమె బైబిల్లోని హాగరును ఎంచుకుంది. హాగరు శారా ఇంట దాసి. యజమాని బిడ్డను కన్నది, ఇంట్లోంచి గెంటేస్తే బిడ్డను తీసుకుని ఎడారిలోకి పోయింది. దేవుడు ఆమెను విడిపించలేదు, బతకడానికి దారి చూపాడు, నీళ్ల బావి చూపాడు. విడుదల రాకపోయినా బతికి బట్టకట్టడం కూడా దేవుడి పనేనని, బతికి ఉన్న స్త్రీ ఓడిపోయినట్టు కాదని విలియమ్స్ వాదన. మన పల్లెల్లో హాగరు మీద ప్రసంగం అరుదు, శారా మీద చాలా. అయితే ఆ చాప మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది బతుకు హాగరుదే.

వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1983లో బిల్లీ ఏవరీ నల్లజాతి స్త్రీల ఆరోగ్య ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చిన్నచిన్న స్వయంసహాయ బృందాలు దాని ప్రాణం. అక్కడ ఒకరికొకరు నిజం చెప్పుకోవాలి. భర్త కొట్టాడన్నది, చిన్నప్పుడు ఎవరో చెరిచారన్నది, ఇంకా బాధగానే ఉందన్నది దాచకుండా మాట్లాడుకోవాలి. 1990ల తొలినాళ్లలో ఆర్కన్సా రాష్ట్రంలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ నల్లజాతి స్త్రీలు చర్చీల్లోనే నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్లు. ఆ సాక్ష్యం దేవుణ్ని స్తుతించడంతో ఆగకుండా, పరీక్ష చేయించుకోమని, ఆసుపత్రికి వెళ్లమని చెప్పేది. మన కూడికలకు ఎంతో పరిచయమైన సాక్ష్యాన్ని వాళ్లు వైద్యానికి తలుపుగా మార్చారు. 2010లో షెరిల్ వుడ్స్-గిస్కోంబే అనే పరిశోధకురాలు మరో సంగతి చూపించింది. ‘నల్లజాతి స్త్రీ గట్టిది, అన్నీ ఓర్చుకుంటుంది’ అన్న పొగడ్త ఆమెను సహాయం అడగనివ్వకుండా చేస్తోందని, ఒంటినీ మనసునూ తినేస్తోందని. మన దగ్గర ‘మాదిగోళ్ల ఆడది మగాడికి తీసిపోదు’ అన్న మాట ఇలాంటిదే. గుంటూరు జిల్లా మాదిగ స్త్రీల మధ్య ఉండి 2014లో పుస్తకం రాసిన క్లారిండా స్టిల్, పరువు అనే కొత్త బరువు కూడా ఇప్పుడు వాళ్ల మీద ఎలా పడుతోందో చూపించింది. చదువుకున్న దళిత కుటుంబంలో కోడలు కూలికి వెళ్లకూడదు, గొంతు పెద్దగా ఎత్తకూడదు. కష్టం పోలేదు, చెప్పుకునే చోటు మాత్రం తగ్గింది. అలాంటి ఇంటి కోడలికి పరువు పోకుండా బయటికి వెళ్లగలిగే ఒకే ఒక చోటు కూడిక.

కూడిక వల్ల మేలు జరుగుతుందనడానికి నమ్మకం తప్ప రుజువేమైనా ఉందా అని అడగడం న్యాయమే. నేరుగా మన ప్రాంతపు కూడికల మీద చేసిన కొలత నా దృష్టికి రాలేదు, కనుక చుట్టుపక్కల చూడాలి. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయంలో ఉండి వెళ్లిన తీవ్ర మానసిక రోగులు 31 మందిని పరిశీలించి రఘురాం బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మందు లేకుండా సగటున ఆరు వారాలు అక్కడ ఉన్నవాళ్ల లక్షణాలు 20 శాతం దాకా తగ్గాయి. తిట్టకుండా, కట్టేయకుండా, పనీపాటా ఇచ్చి ఆదరించే చోటు అది. గోవాలో విక్రమ్ పటేల్ తదితరుల సంగాత్ సంస్థ వైద్యులు కాని స్థానికులకే శిక్షణ ఇచ్చి కుంగుబాటు ఉన్నవాళ్లతో మాట్లాడించింది. దాని మంచి ఫలితాలు 2010లో, మళ్లీ 2017లో పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అవ్వలకు శిక్షణ ఇచ్చి ఆసుపత్రి ఆవరణలోని బల్లల మీద కూర్చోబెట్టాడు. దుఃఖంతో వచ్చినవాళ్లు ఆ అవ్వల పక్కన కూర్చుని మాట్లాడతారు. అది పనిచేస్తుందని 2016లో పరీక్షించి తేల్చారు. ఇవి చూస్తే ఒక సంగతి స్పష్టం. నమ్మదగిన మనిషి ఓపికగా వింటే, చిన్న శిక్షణ ఉంటే, మామూలు కుంగుబాటు, దిగులు తగ్గుతాయి. మన అక్కలకు నమ్మకం ఉంది, ఓపిక ఉంది, వారం వారం క్రమం ఉంది. శిక్షణ లేదు.

శిక్షణ లేకపోవడం వల్ల జరుగుతున్న నష్టాలు చిన్నవి కావు. మొదటిది సాక్ష్యానికి ఉన్న అచ్చు. సాక్ష్యం ఎప్పుడూ గెలుపుతో ముగియాలి: జబ్బు ఉండె, ప్రార్థన చేశాం, పోయింది. భర్త ఇంకా కొడుతూనే ఉన్న ఆమె లేచి నిలబడి ఏం చెబుతుంది? మూడేళ్లు ఉపవాసం ఉన్నా కొడుకు తాగుడు మానకపోతే, ఇంకా విశ్వాసం చాలలేదేమో అన్న సందేహం చుట్టుపక్కలవాళ్లకు ముందు వస్తుంది, తర్వాత ఆమెకే వస్తుంది. జబ్బుకు తోడు తప్పు తనదేనన్న భావం చేరుతుంది. కుంగుబాటుకు అంతకంటే పెద్ద ఎరువు లేదు. రెండోది దయ్యం మాట. పెద్ద మానసిక జబ్బుల్లో ఇతరులకు వినపడని మాటలు వినపడడం, లేని అనుమానాలు రావడం ఉంటాయి. దాన్ని దయ్యం పట్టడంగా తీసుకుని తలమీద చేతులుంచి గంటలకొద్దీ అరవడం, కొట్టడం, తిండి మాన్పించడం కొన్నిచోట్ల ఇప్పటికీ జరుగుతోంది. మందు ఆపేయమనడం మరీ ప్రమాదం. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయారు. ఏ మతమైనా వైద్యాన్ని గెంటేస్తే ఏమవుతుందో ఆ ఘోరం చూపించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావా దర్గాలో మాత్రం 2008 నుంచి వైద్యుడూ ముజావరూ ఒకే ఆవరణలో పనిచేస్తున్నారు. దువా ఆపమని ఎవరూ అనరు, దానితోపాటు మందూ ఇస్తారు. మూడోది పొక్కడం. శుక్రవారం విన్నపం శనివారం బోరింగు దగ్గర కబురవుతుంది. దెబ్బతిన్న ఆడపిల్ల పేరు ఒకసారి అలా బయటపడితే ఆమె మళ్లీ కూడిక గడప తొక్కదు.

వేదిక మీద ఉండేది అయ్యగారు, కింద ఉండేది అమ్మలు అన్న ఏర్పాటు కూడా ఇందులో భాగమే. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి స్త్రీ బిషప్ అయ్యారు. అది గర్వించదగ్గది. అయితే స్వతంత్ర మందిరాల్లో చాలావాటిలో స్త్రీ ప్రార్థిస్తుంది, పాడుతుంది, ఊడుస్తుంది, పిడికెడు బియ్యం పోగుచేస్తుంది. నిర్ణయం చేయదు. భర్త పెట్టే హింస గురించిన విన్నపం చివరికి ఒక మగవాడి సలహాతో ముగుస్తుంది, ఆ సలహా తరచుగా ‘లోబడి ఉండు తల్లీ’ అనే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కూడికలు అన్ని కులాలనూ కలిపేస్తున్నాయని అనుకోవద్దు. ఫిరంగిపురం లాంటి చోట్ల పాత కతోలిక కుటుంబాల్లో రెడ్లు, కమ్మవాళ్లూ ఉన్నారు. మాలల మందిరం, మాదిగల మందిరం వేరుగా ఉన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. హిందూ, ముస్లిం ఆడవాళ్లూ నొప్పి భరించలేక కూడికకు వచ్చి వెనక కూర్చుని వెళ్తుంటారు. పొదుపు సంఘం ఆడవాళ్లను కులాలకు అతీతంగా కూర్చోబెట్టింది గానీ అక్కడ మాట కిస్తీ దగ్గర మొదలై కిస్తీ దగ్గరే ఆగుతుంది.

చట్టం విషయానికొస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. అందుకే ఈ స్త్రీలలో ఎంతోమంది కాగితం మీద హిందూ మాల, హిందూ మాదిగ. ఆదివారం క్రైస్తవులు. తీరాంధ్రలోని లూథరన్ దళితుల ఈ స్థితి మీద అశోక్ కుమార్, రోవెనా రాబిన్‌సన్ 2010లో రాశారు. ఇదే జిల్లాలకు చెందిన ఒక పాస్టరు పెట్టిన కేసులో 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడిగా జీవిస్తున్నవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది. దీని దెబ్బ మనసు మీద నేరుగా పడుతుంది. తనను కొట్టినవాడి మీద కేసు పెట్టాలంటే తాను ఎక్కడ ఏడ్చి ఊరట పొందుతుందో ఆ చోటు పేరు దాచాలి. కూడికకు వచ్చేవాళ్ల పేర్లు పుస్తకంలో రాయకపోవడం, ప్రభుత్వ కార్యక్రమాలకు చర్చి అక్కలు దూరంగా ఉండడం ఈ భయం వల్లే. ఈ చిక్కు విప్పకుండా ఆరోగ్యశాఖ ‘విశ్వాస సంస్థలతో కలిసి పనిచేస్తాం’ అంటే అది కాగితం మీదే ఉంటుంది.

అన్నిటికన్నా అత్యవసరమైనది పురుగుమందు సంగతి. నేర రికార్డుల జాతీయ సంస్థ లెక్కల్లో 2021లో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది, వాళ్లలో గృహిణులు 23,178 మంది. పత్తి, మిరప ప్రాంతంలో ఇంటి మూల, మంచం కింద, దూలం మీద మందు డబ్బా ఉంటుంది. కోపం, అవమానం, తాగివచ్చిన మొగుడి దెబ్బ, ఇవి పొంగివచ్చిన అరగంటలో చేతికి అందేది అదే. ఆ అరగంట గడిస్తే చాలామంది మళ్లీ ఆ ఆలోచన చేయరు. శ్రీలంకలో 1995 నుంచి ప్రాణాంతకమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే ఆత్మహత్యల రేటు సుమారు మూడోవంతుకు పడిపోయింది. మన దగ్గర నిషేధం ప్రభుత్వం చేతిలో ఉంది, దూలం మీది డబ్బా మాత్రం కూడిక చేతిలో ఉంది. విత్తనాల రోజుల్లోనే ‘మీ ఇంట్లో మందు ఎక్కడ పెట్టారు’ అని అక్కలు అడగగలరు. తాళం వేసిన పెట్టెలో, కుదిరితే చేను దగ్గరి కొట్టంలో పెట్టించగలరు. మూడువారాలుగా నిద్ర లేదంటున్న చెల్లెమ్మకు ప్రార్థనతోపాటు 14416 టెలిమానస్ నంబరు ఇవ్వగలరు. ఆ ఫోను 2022 అక్టోబరు నుంచి తెలుగులోనూ పలుకుతోంది. దెబ్బలు తిన్న ఆమెతో 181కు ఫోను చేయించగలరు, సఖి కేంద్రానికి వెంట వెళ్లగలరు. ఒకసారి చస్తానన్నవాళ్ల ఇంటికి మర్నాడూ, మూడోనాడూ వెళ్లగలరు. ఎలాగూ వెళ్తూనే ఉన్నారు.

దీనికి కావలసింది పాస్టరమ్మలకు, స్త్రీల సమాజం పెద్దలకు పది పదిహేను రోజుల శిక్షణ. దిగులుకూ పెద్ద జబ్బుకూ తేడా ఏమిటి, ఎవరిని వెంటనే గుంటూరు జనరల్ ఆసుపత్రికి పంపాలి, ఎవరి మందు ఎన్నడూ ఆపకూడదు, విన్న మాటను ఎవరికి చెప్పకూడదు, ఇంకా తీరని బాధను సాక్ష్యంగా నిలబడి చెప్పనివ్వడం ఎలా – ఇవి నేర్పడానికి వైద్య కళాశాలలు ఇక్కడే ఉన్నాయి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. కుగ్లర్ ఆసుపత్రిలో ఒకప్పుడు బైబిలు స్త్రీ, నర్సు పక్కపక్కనే పనిచేసిన ఊరు గుంటూరు. బిషప్పులు, సంఘాధ్యక్షులు తమ దశమభాగాల్లోంచి ఈ శిక్షణకు డబ్బు కేటాయించాలి. శిక్షణ పొందిన అక్కలకు ప్రతి సంఘ కమిటీలోనూ ఓటు ఉండాలి. మిరప కోతలు ముగిశాక మే నెలలో పనులు తగ్గుతాయి, ఆ నెలలో మొదలుపెట్టవచ్చు.